మూడు కార్యాలయాలకూ ఒకటే నొక్కండి

బిలాస్‌పూర్‌లోని తెలుగువాళ్ళ కష్టాలు వచ్చే సోమవారం ఉదయం పది గంటలతో ముగుస్తాయని తెలుగు సేవా మహాసంఘం అధ్యక్షులు సత్యనారాయణమూర్తి గారు ప్రకటించారు. అంతవరకూ ఉంటాయా అని వెనక బెంచీ నుంచి ఎవరో అడిగారు. ఆదివారం రాత్రి దాకా తప్పవని, అందుకు తాను వ్యక్తిగతంగా చింతిస్తున్నానని ఆయన బదులిచ్చారు. జనం చప్పట్లు కొట్టారు.

కష్టాలు ముగిసేది ఒక ఫోన్ నంబరుతో. సంఘానికి మూడు కార్యాలయాలున్నాయి. స్టేషన్ రోడ్డులో అధ్యక్షుల వారిది, దయాల్‌బంద్‌లో కార్యదర్శి ఓంకార్ గారిది, బోద్రీ కోర్టు ఎదురుగా న్యాయ సలహాదారు రాంప్రసాద్ గారిది. మూడింటికీ కలిపి ఇక ఒకటే నంబరు. కులం సర్టిఫికెట్టు రాకపోయినా, కుళాయి కారుతున్నా, కోర్టు వాయిదా ఎప్పుడో తెలియకపోయినా ఆ నంబరు కొడితే చాలు.

ఈ ఏర్పాటుకి మునిసిపల్ ఎన్నికలతో ఏ సంబంధమూ లేదు. తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే వార్డు టికెట్టు సంఘంలో ఒకరికి ఇస్తామని పార్టీ అన్నది నిజమే. సంఘం సేవ ఎలా ఉందో చూసి పేరు తేల్చడానికి రాయపూర్ నుంచి పరిశీలకుడు వస్తున్నదీ నిజమే. అయితే ముగ్గురు నాయకుల్లో ఎవరికీ టికెట్టు మీద ఆశ లేదు. అది పొరపాటున మిగతా ఇద్దరిలో ఒకరికి పోతుందేమోనన్న దిగులు మాత్రం ఉంది.

ఫోన్లు కలిపే పని తనూజకి అప్పగించారు. ఇంజనీరింగు చదివి, ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చున్న పిల్ల.

"టికెట్టు వచ్చిన రోజున నీ ఉద్యోగం పర్మనెంటు," అని మూర్తి గారు మాటిచ్చారు. మాటివ్వడంలో ఆయన వెనకాడే మనిషి కాదు. ఇదివరకు చాలామందికి ఇచ్చారు.

మొదటి చిక్కు రికార్డింగు దగ్గర వచ్చింది. తనూజ కాగితం చూసి చదివింది.

"స్టేషన్ రోడ్డు కార్యాలయానికి ఒకటి నొక్కండి. దయాల్‌బంద్ కార్యాలయానికి రెండు నొక్కండి. బోద్రీ..."

"ఆగమ్మా ఆగు," అన్నారు ఓంకార్. "నేను రెండా?"

"రెండొచ్చిందని ఏడుస్తున్నావేమిటయ్యా? నా సంగతి చూడు," అన్నారు రాంప్రసాద్. "ఇది కోర్టులో నిలవదు."

"అరే సార్, అది నంబరే. ఏ ఆఫీసు కావాలో మెషీన్‌కి తెలియాలి కదా," అంది తనూజ.

"అచ్ఛా, ఉత్త నంబరేనా? అయితే ఆ ఒకటి నాకిచ్చెయ్," అన్నారు ఓంకార్.

మూర్తి గారు పెద్దమనసు చేసుకున్నారు. ఒకటి తన దగ్గరే ఉంచుకుని, మిగతా ఇద్దరికీ కూడా ఒకటే ఇచ్చారు. ఆ విధంగా సోమవారం ఉదయం సంఘం గొంతు విప్పింది. "స్టేషన్ రోడ్డు కార్యాలయానికి ఒకటి నొక్కండి. దయాల్‌బంద్ కార్యాలయానికి ఒకటి నొక్కండి. బోద్రీ కార్యాలయానికి ఒకటి నొక్కండి. మరే ఇతర సేవకైనా ఒకటి నొక్కండి."

ఒకటి నొక్కితే మూడు చోట్లా ఒకేసారి మోగేలా తనూజ కలిపింది. మూడు చోట్లా మోగింది. మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉంది.

లోపం ఎక్కడుందోనని తనూజ బయల్దేరింది. స్టేషన్ రోడ్డులో వైర్లు బాగున్నాయి, పెట్టె బాగుంది. మూర్తి గారు ఫోను ఎదురుగా కూర్చుని కళ్ళు మూసుకుని వింటున్నారు.

"ఎంత ఖంగుమని మోగుతోందో చూశావా!"

"ఎత్తండి సార్."

"నేనా?" ఆయన జాలిగా చూశారు. "పిచ్చిపిల్లా! ముందు ఎవరెత్తితే వాడు మిగతా ఇద్దరికీ గుమస్తా. చూస్తూ ఉండు, ఓంకార్ ఎత్తుతాడు."

దయాల్‌బంద్‌లో ఓంకార్ గారు, రాంప్రసాద్ ఎత్తుతాడని చూస్తున్నారు. బోద్రీలో రాంప్రసాద్ గారు తన గుమస్తా కుర్చీని గుమ్మం అవతల వేయించారు. లోపల ఉంటే అలవాటు కొద్దీ ఎత్తేస్తాడని.

సాయంత్రానికి ముగ్గురూ విడివిడిగా తనూజని పిలిచి పరిష్కారం చెప్పారు. మూర్తి గారి దగ్గర నాలుగుసార్లు మోగాక ఓంకార్ గారికి తోసెయ్యాలి. ఓంకార్ గారి దగ్గర మోగాక రాంప్రసాద్ గారికి. అక్కడ మోగాక అధ్యక్షుల వారికి.

"ఇలా అయితే కాల్ గుండ్రంగా తిరుగుతుంది సార్," అంది తనూజ.

"తిరగనీ అమ్మా. జనం కోసం తిరగడమే కదా సేవ!" అన్నారు మూర్తి గారు.

కాల్స్ తిరిగాయి. తిరుగుతున్నంతసేపూ ఫోన్ చేసినవాళ్ళకి మూర్తి గారి ఉపన్యాసం వినిపించింది. వారాంతానికి సంఘం నివేదిక పేపర్లో వచ్చింది. వచ్చిన కాల్స్ అనేకం. తిరస్కరించినవి ఒక్కటీ లేవు. అన్నీ పరిశీలనలో ఉన్నాయి.

తనూజకి నిద్ర పట్టలేదు. పరిశీలకుడు ఫోన్ చేసినా ఇంతే. టికెట్టూ ఉండదు, ఉద్యోగమూ ఉండదు. ముగ్గురినీ కూర్చోబెట్టి చెప్పింది. "సార్, ఎవరూ ఎత్తకపోతే కాల్ వెళ్ళడానికి చివరి నంబరంటూ ఒకటి ఉండాలి. ఎవరిది పెట్టమంటారు?"

"చివరి నంబరా?"

మూడు కుర్చీలూ ఒక్కసారే వెనక్కి జరిగాయి. ఆ గడి ఖాళీగా ఉంచితే మెషీన్ ఊరుకోదు. తనూజ అందులో తన మామ్మ అప్పయమ్మ మొబైల్ నంబరు వేసింది, పరీక్షకి మాత్రమే, రెండు రోజులకని.

అప్పయమ్మ లోకో షెడ్డు మనిషిని కట్టుకుని రైల్వే క్వార్టర్లలో ముసలిదైంది. ఇప్పుడు దయాల్‌బంద్‌లో మనవరాలి దగ్గర ఉంటోంది. ఆవిడ మొబైల్‌కి అప్పటిదాకా రీచార్జి అయిపోయిందని చెప్పే కంపెనీ తప్ప ఇంకెవరూ ఫోన్ చేసి ఎరగరు. అందుకని మోగీమోగకముందే ఎత్తింది.

"ఎవులు బాబూ? తిన్నావా?"

అవతల ఆటో నడిపే పోలయ్య. కొడుకు కులం సర్టిఫికెట్టు ఆగిపోయిందని చెప్పుకున్నాడు.

"నాకేటి తెలుస్తాది బాబూ సర్టిఫికెట్టు సంగతి? ఉండుండు. ఇందాకల కనకమని ఎవులో పోన్ సేసింది. దాని అల్లుడు కలెక్టరాపీసులో సేత్తాడట. దానికేమో బోద్రీ కోర్టుకెల్లడానికి బండి నేదట. నువ్వు దాన్ని కోర్టుకాడ దింపు. అది నీకు అల్లుణ్ణి సూపిత్తాది."

పోలయ్య దింపాడు. కనకం చూపించింది. కుళాయిలు బాగుచేసే అమ్మన్నకి ఇల్లు దొరికింది, ఇల్లుగలావిడ కుళాయి కారడం ఆగింది. సంఘం పేరు ఊళ్ళో మారుమోగింది.

ఎవరో ఫోనెత్తుతున్నారని తెలిసి నాయకులు ముగ్గురూ సంతోషించారు. తక్కిన ఇద్దరిలో ఒకడు గుమస్తా అయిపోయాడని ప్రతివారికీ నమ్మకం కలిగింది. ఎవరని అడిగి తెలుసుకుంటే ఆ సుఖం పోతుంది కనక ఎవరూ అడగలేదు. రెండు రోజుల పరీక్షని తనూజ పొడిగిస్తూ వచ్చింది.

పరిశీలకుడు జయప్రకాష్ గారు వచ్చే రోజు వచ్చింది. ఆయనది సిమెంటు వ్యాపారం, బిలాస్‌పూర్‌తో కలిపి మూడు ఊళ్ళలో గోడౌన్లు. స్టేషన్ రోడ్డు కార్యాలయంలో వేదిక కట్టారు. పొద్దున్నే ముగ్గురూ ఎక్కి కూర్చున్నారు.

"సార్, రైలొచ్చేసింది. స్టేషన్‌కి ఎవరెళ్తున్నారు?" అని తనూజ అడిగింది.

"ఓంకార్ వెళ్తాడు," అన్నారు మూర్తి గారు, మధ్య కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని. ఓంకార్ గారు రాంప్రసాద్ వైపు చూశారు. రాంప్రసాద్ గారు తన దండలో పువ్వులు సర్దుకున్నారు.

పక్క గదిలో ఫోను మోగింది. తనూజ లాప్‌టాప్‌లో చూసింది. రాయపూర్ నంబరు. కాల్ స్టేషన్ రోడ్డు దాటింది, తాళం వేసిన దయాల్‌బంద్ దాటింది, తాళం వేసిన బోద్రీ దాటింది. తర్వాత ఎవరో ఎత్తారు. చాలాసేపు మాట్లాడారు.

సాయంత్రం దాకా వేదిక మీదికి ఎవరూ రాలేదు. దండలు వాడిపోయాక తనూజ ఇంటికి పరుగెత్తింది.

"మామ్మా! ఇవాళ రాయపూర్ ఆయనెవరైనా ఫోన్ చేశారా?"

"జయప్రకాషేగా? స్టేషన్లో ఒంటిగా నిలబడిపోనానన్నాడు పాపం. పోలయ్యని పంపీసి ఇంటికి రప్పించీసినాను. బెండకాయ పులుసెట్టినాను. రెండుమాట్లు ఏయించుకున్నాడు."

"ఆయన పరిశీలకుడే మామ్మా!"

"ఏమో అమ్మీ, ఆకలేత్తందనే సెప్పినాడు. ఇది సంఘం ఆపీసేనా అనడిగినాడు. అందరూ ఒదిలీసినాక వొచ్చే సివరి నంబరు నాదే బాబూ అన్నాను. ఆల గోడౌన్లలోనూ ఎవులూ పోనెత్తరట. మా మనవరాలు గుంట ఎత్తిత్తాదిలే అనీసి నీ నంబరిచ్చినాను."

మర్నాడు పార్టీ వాట్సాప్ గ్రూపులో జయప్రకాష్ గారి సందేశం వచ్చింది. "బిలాస్‌పూర్ సంఘం సేవని కళ్ళారా చూశాను. నాయకులెవరూ కనబడలేదు. పనులు జరుగుతున్నాయి. ఆ చివరి నంబరు ఎవరి ఏర్పాటో వారికే టికెట్టు. రేపు అయిదింటికి అదే లైనుకి ఫోన్ చేస్తాను, పేరు చెప్పండి."

తనూజని పిలిపించారు.

"చివరి నంబరు ఎవరిదమ్మా?" అన్నారు మూర్తి గారు. ఆమె నోరు తెరిచేలోగా ఆయనే జవాబిచ్చారు. "నాదేగా! మొదట్నించీ నేను చివరివాణ్ణే."

"మీరెలా చివరవుతారు? నన్ను రెండులో పెట్టినప్పుడే తెలియలేదా?" అన్నారు ఓంకార్.

"నేను మూడు," అన్నారు రాంప్రసాద్. "రికార్డు చూసుకోండి."

మూర్తి గారు మళ్ళీ పెద్దమనసు చేసుకున్నారు. ఉన్న నంబరు ఎవరిదో అడక్కుండానే తీయించేసి, చివరి నంబరుగా మూడు కార్యాలయాలూ వేయించారు. మూడు ఫోన్లనీ తెప్పించి ఒకే బల్ల మీద పెట్టించారు.

మర్నాడు అయిదింటికి మూడూ మోగాయి.

"ఎత్తండి సార్!" అంది తనూజ.

"ఎత్తి నా పేరు నేనే చెప్పుకోనా?" అన్నారు మూర్తి గారు. "అంత దిగజారలేదు. ఓంకార్ ఎత్తి నా పేరు చెబుతాడు."

ఓంకార్ గారు రాంప్రసాద్ వైపు చూశారు. రాంప్రసాద్ గారు ఫ్యాను వైపు చూశారు. తనూజ చెయ్యి చాపింది.

"ముట్టుకోకమ్మా!" అని ముగ్గురూ ఏకగ్రీవంగా అరిచారు. సంఘం చరిత్రలో అది మొదటి ఏకగ్రీవం.

ఆ సమయంలో తనూజ మొబైల్ కూడా మోగింది. మొదటి రింగుకే ఎత్తింది. జయప్రకాష్ గారి సిమెంటు గోడౌను మేనేజరు. ఎప్పుడు చేరతావని అడిగాడు.

"ఇప్పుడే వస్తున్నా సార్," అంది.

బయట పోలయ్య ఆటో ఉంది. వెనక సీట్లో అప్పయమ్మ కనకంతో కబుర్లాడుతోంది. తనూజ ఎక్కి కూర్చుంది. ఆటో మలుపు తిరిగేదాకా మూడు ఫోన్ల మోత ఖంగుమని వినిపిస్తూనే ఉంది.

ఆ వారం నివేదిక మూర్తి గారు స్వయంగా రాశారు. తిరస్కరించిన కాల్స్ ఒక్కటీ లేవు. టికెట్టు పరిశీలనలో ఉంది.