కేశవరావు పోయిన రోజు

ఆ మంగళవారం పొద్దున ఉమామహేశ్వరి అనుకున్నవి మూడే పనులు. భర్తను ఎయిర్‌పోర్టుకు సాగనంపడం, ధర్మారావు గారి దహనం దగ్గరుండి జరిపించడం, మధ్యాహ్నానికి ఇంటికొచ్చి ఇంత చారు పెట్టుకోవడం. మొదటి రెండూ అయ్యాయి. చారు మాత్రం వేరేవాళ్లు పెట్టారు.

ఒకప్పుడు ఆమె ఖమ్మంలో బోటనీ లెక్చరర్. అమెరికాలో ప్లేనో ఊరికి వచ్చాక ఇరవై ఏళ్లపాటు తేజేశ్వర్ వాళ్ల మమ్మీ. తేజేశ్వర్ ఉద్యోగం వచ్చి సన్నీవేల్ వెళ్లిపోగానే ఆ పేరుతో పిలిచేవాళ్లు కూడా లేకుండా పోయారు. కాఫీ కలుపుకుని, అది చల్లారిపోయేదాకా దాని ఎదురుగా కూర్చుని, మళ్లీ వేడి చేసుకునేది. అలా ఏడాది గడిచాక పక్క వీధి త్రివేణి వచ్చి, చెయ్యి పట్టుకుని లాక్కెళ్లి ‘ఆసరా’లో చేర్చింది.

ఆసరా అంటే పిల్లలు ఎగిరిపోయిన తల్లులు ఓ పదిహేనుమంది. ఊళ్లో తెలుగువాళ్ల ఇంట ఎవరైనా కన్నుమూస్తే వీళ్లు రంగంలోకి దిగుతారు. కుండ, నువ్వులు, దర్భలు, పంతులు గారు, ఫ్యునరల్ హోమ్‌లో టైము, వచ్చినవాళ్లకు భోజనం, అన్నీ వీళ్లే చూస్తారు. ఎవరికైనా ఇది ఏడుపు పని. ఉమామహేశ్వరికి మాత్రం చాలా ఏళ్ల తర్వాత పొద్దున్నే లేవాలనిపించే పని. చేరిన ఆరు నెలలకే ఆమె ఆ గుంపుకు పెద్దదిక్కయి కూర్చుంది. నియమాలన్నీ ఆమె పెట్టినవే. ఏడుస్తున్న మనిషిని ఏమీ అడగకూడదు. ఆ మనిషి ఏమన్నా సరే, కాదనకూడదు. భర్త పోయిన మనిషి తొలి గంటలో ఆయన బతికే ఉన్నాడంటుంది, ఔననాలి. ఫోను తీసి దాచేయాలి, లేకపోతే ఇండియా నుంచి వచ్చే పలకరింపులకే సగం చచ్చిపోతుంది. పోయినవాళ్ల పేరు వాట్సాప్ గ్రూపులో రాయకూడదు, బాధ్యత తీసుకున్న ఒక్కరికి తెలిస్తే చాలు.

ధర్మారావు గారి కూతురు పూజిత చంటిపిల్ల తల్లి. అందుకని సామాను తన ఇంటికే తెచ్చివ్వమని ఉమామహేశ్వరి గ్రూపులో రాసింది. అప్పటికే కుండ తెచ్చి డైనింగ్ టేబుల్ మీద పెట్టుకుంది. కేశవరావు విమానంలో నోవై వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే క్లయింట్ మీటింగ్‌కి తయారై, కిందికి వచ్చి, ఆ కుండను చూశాడు.

“రేపట్నుంచి ఇది మానెయ్ ఉమా.”

“ఏది?”

“ఈ చావుల పని. మొన్న పార్టీలో ఒకాయన అన్నాడు, ‘మీ మిసెస్ పేరు ఫోన్‌లో కనబడితే ఎత్తాలంటే భయమండీ’ అని. అందరూ నవ్వారు. నాకెలా ఉంటుంది?”

“ఆ నవ్వినవాళ్లకే రేపు అవసరం పడితే?”

“పడ్డప్పుడు వాళ్లే చూసుకుంటారు. పొద్దున్నే భోజనాల బల్ల మీద కుండేమిటి, ఇది ఇల్లేనా? సాయంత్రం నేనొచ్చేసరికి ఆ గ్రూప్‌లోంచి బయటికొచ్చెయ్.”

“సరే, మానేస్తాను. వెళ్లండి.”

ఎప్పుడూ గుమ్మం దాకా వచ్చి సాగనంపే ఆమె ఆ రోజు రాలేదు. ఆయన తలుపు కూడా సరిగ్గా వెయ్యకుండా కారెక్కి వెళ్లిపోయాడు. ఉమామహేశ్వరి కుండ ముందు కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెక్కి వెక్కి ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే పంచె, నువ్వులు పట్టుకుని రష్మి వచ్చింది. ఆసరాలో చేరి వారమే అయింది, నియమాలన్నీ కంఠతా పట్టింది. తెరిచిన తలుపులోంచి చూస్తే లోపల కుండ, ఆ ముందు ఏడుస్తున్న ఉమక్క. ఏమీ అడగలేదు. సామాను అక్కడ పెట్టి, భుజం మీద చెయ్యి వేసి, వెళ్లిపోయింది. ఎంత సంస్కారమున్న పిల్ల అనుకుంది ఉమామహేశ్వరి.

ఆ సంస్కారం కారెక్కగానే త్రివేణికి ఫోన్ చేసింది.

“త్రివేణక్కా, ఉమక్క ఒక్కతే కూసొని ఏడుస్తుంది. ముంగట కుండ ఉంది. సార్ లేడు.”

“అయ్యో దేవుడా! అందుకేనా సామాను తన ఇంటికే తెమ్మంది? నువ్వేం అడగలేదుగా?”

“అడగలే అక్కా.”

“మంచి పని చేశావ్. మొగుడు పోయినా పేరు రాయలేదు చూడు. ఏం మనిషే!”

ఇదంతా ఉమామహేశ్వరికి తర్వాత తెలిసింది. అప్పటికి ఆమె ముఖం కడుక్కుని, ఫోను సైలెంట్‌లో పెట్టి, ధర్మారావు గారిని చక్కగా సాగనంపుతోంది. ఇదే నా ఆఖరి పని అనుకుంటూ ఏ లోటూ రానివ్వలేదు.

మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి గుమ్మం ముందు చెప్పులు కుప్పపోసి ఉన్నాయి. త్రివేణి దగ్గరుండే రెండో తాళంచెవితో తలుపు తీసినట్టున్నారు, లోపల సోఫాలు గోడ వారకు జరిగాయి. పూజిత ఇంటికి చేరాల్సిన భోజనాలన్నీ ఆమె వంటింట్లో ఉన్నాయి. ఆమె నోరు తెరిచేలోపే త్రివేణి వాటేసుకుంది, ఎవరో బ్యాగులోంచి ఫోను తీసుకెళ్లి బియ్యం డబ్బాలో దాచేశారు.

“ఏమైంది? ఎందుకొచ్చారు అందరూ?”

“ఊరికే అక్కా. కూర్చో.”

అప్పుడు కనబడింది, టీవీ కింద దీపం, పూలదండ వేసిన కేశవరావు ఫోటో.

“మీకేమైనా మతిపోయిందా? ఆయన నోవై వెళ్లారు. సాయంత్రం వచ్చేస్తారు!”

“వస్తారక్కా,” అంది రష్మి కళ్లు తుడుచుకుంటూ. “తప్పకుండ వస్తారు.”

“బతికే ఉన్నారే!”

“ఉన్నారక్కా.”

అందరూ ఒక్కసారి తలలూపారు. ఇంత శ్రద్ధగా ఆమె పాఠం నేర్చుకున్న విద్యార్థులు ఖమ్మం కాలేజీలో కూడా లేరు. ఆమె అరిచింది, ఔనన్నారు. తిట్టింది, ఔనన్నారు. చక్కెర దండిగా వేసిన టీ చేతిలో పెట్టారు. చివరికి వంటింట్లోకి దూసుకెళ్లి, బియ్యంలో చెయ్యి పెట్టి ఫోను లాక్కుని, భర్త నంబరు నొక్కింది.

ఆ నంబరు వాడుకలో లేదంది అవతల గొంతు.

ఆమెకు తెలియనిది ఒకటుంది. ఆసరాలోని వసంతలక్ష్మి భర్తదీ కేశవరావు ఆఫీసే. భార్య చెప్పిన కబురును ఆయన ఆఫీసుకు చేరవేశాడు. కొత్త లాప్‌టాప్ ఇవ్వడానికి నెల తీసుకునే ఆ ఆఫీసు, పోయిన ఉద్యోగి ఈమెయిలు, బ్యాడ్జి, కంపెనీ ఫోను గంటలో ఆపేసి, పూలగుత్తి కూడా పంపింది.

ఉమామహేశ్వరి అప్పుడు నమ్మింది. వీళ్లకేదో తెలిసింది, తనకు చెప్పట్లేదు. దారిలో ఏదో అయ్యుంటుంది. నమ్మిన ఆ క్షణాన ఆమె మనసులోకి మొదట వచ్చిన మాట, ‘అయితే ఇక మానక్కర్లేదు’ అని.

ఆ మాట విని తనే హడలిపోయింది. ఎవరైనా విన్నారేమోనని చుట్టూ చూసింది కూడా. గుమ్మం దాకా వెళ్లి ఉండాల్సింది. కనీసం జాగ్రత్త అని ఉండాల్సింది. అక్కడే ఫ్రిజ్‌కు ఆనుకుని కూలబడి, పొద్దుటి ఏడుపు ఏడుపే కాదన్నట్టు ఏడ్చింది.

“తేజూకి మేం చెప్పలేదక్కా,” అంది త్రివేణి పక్కన కూర్చుని. “నువ్వే చెప్పాలి.”

గోడ పక్కన ఎవరో గుసగుసలాడారు. “అక్కది డిపెండెంట్ వీసా కదా. ఆయన లేకపోతే ఇక ఉండనిస్తారా?”

“పొమ్మంటే పోతుందా ఏంటి?” అంది వసంతలక్ష్మి. “మా పై రూమ్ ఖాళీగానే ఉంది. లాయర్‌తో నేను మాట్లాడతా. అక్కని మనం వదులుకుంటామా?”

ఉమామహేశ్వరికి అది వినబడింది. ఇన్నేళ్లుగా ఈ దేశంలో తనను ఒకరు వద్దంటే పోవాల్సిన మనిషిలాగే చూసుకుంది. తనకోసం కొట్లాడేవాళ్లు ఉన్నారని ఈ రోజే తెలియాలా అనుకుని ఇంకా ఏడ్చింది.

సాయంత్రమైంది. జనం వస్తూనే ఉన్నారు. గుమ్మం దగ్గర రష్మి ఎవరితోనో మాట్లాడుతోంది.

“షూస్ అక్కడ ఇడవండి సార్. కార్ ఎక్కడ పెట్టిన్రు?”

“వీధి చివర. ఇక్కడ చోటు లేదు. ఎవరు పోయారు?”

“ఉమక్క వాళ్ల సార్.”

ఒక షూ విప్పి కింద పెట్టిన చప్పుడైంది.

“ఎలాంటి మనిషి?”

“మాకు తెల్వదు సార్. ఎన్నడు కలవలే. అక్క కోసం వచ్చినం.”

“ఇంతమందా?”

ఆ గొంతు వింటూనే ఉమామహేశ్వరి లేచి పరుగెత్తింది. “ఏమండీ!” అంటూ ఆయన చొక్కా రెండు చేతులా పట్టుకుంది. రష్మి ఆయన ముఖం చూసింది, ఫోటో చూసింది, చేతిలోని టీ ట్రే వదిలేసింది.

అందరూ వెళ్లేసరికి చీకటిపడింది. దండ తీసి, దీపం కొండెక్కించి, తలలు దించుకుని వెళ్లారు. అక్కడ పూజిత వాళ్లు పిజ్జా తెప్పించుకున్నారట. కేశవరావు తన పేరిట కాచిన చారు అన్నంలో కలుపుకున్నాడు.

“మీటింగ్ మధ్యలో లాప్‌టాప్ ఆగిపోయింది. ఫోన్ పోయింది. క్లయింట్ లాబీలో దొంగలా కూర్చోబెట్టారు,” అన్నాడు. “వేరేవాళ్ల ఫోన్ అడిగి తీసుకున్నాను కూడా. నీ నంబర్ గుర్తురాలేదు.”

ఉమామహేశ్వరి ఎదురుగా కూర్చుంది. “మీరు పోయారని నమ్మగానే నాకు ముందు ఏమనిపించిందో తెలుసా? ఇక ఈ పని మానక్కర్లేదని. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.”

ముద్ద ఆయన చేతిలోనే ఉండిపోయింది.

“ఆఫీస్ నుంచి ఎవరొచ్చారు?” అన్నాడు.

“పూలు.”

“మనుషులు?”

“రాలేదు.”

ఆయన గోడ వారకు జరిపిన సోఫాల వంక, వరసగా కడిగి బోర్లించిన టీ కప్పుల వంక చూశాడు.

“గ్రూప్‌లోంచి బయటికొచ్చేశావా?”

“రాలేదు. రాను.”

కేశవరావు ఆ ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి మింగాడు.

“రావద్దులే. కాకపోతే ఈసారి నన్నొక మాట అడిగి మొదలుపెట్టండి.”