బయటికి వెళ్లే పాఠం

అగ్నిప్రమాద శిక్షణ సందర్భంగా ఉద్యోగులందరూ ఎవరి కుర్చీల్లో వారు, ఏం జరిగినా కదలకుండా కూర్చోవలసిందిగా మేనేజరుగారు ఉత్తర్వు జారీ చేశారు. ఉత్తర్వు అందరి తలకూ ఎక్కేలా ముఖద్వారానికి లోపలి నుంచి తాళం వేయించి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నారు. కిందటేడు శిక్షణ నడుస్తుండగానే సగం మంది టీకి జారుకున్నారు. ఉద్యోగుల ప్రాణాల విషయంలో అలాంటి నిర్లక్ష్యాన్ని సహించే మనిషి కాదాయన.

అది అగ్నిప్రమాదాలకు బీమా ఇచ్చే కంపెనీ. ఊళ్లో ఏ గోడౌను తగలబడ్డా, ఏ దుకాణం మసైపోయినా దాని యజమాని ఈ మూడో అంతస్తు మెట్లు ఎక్కాల్సిందే. మంట ఎక్కడ మొదలైంది, ఎలా మొదలైంది, అప్పుడు మీరు చూస్తూ ఎందుకు ఊరుకున్నారు అని గుచ్చి గుచ్చి అడగడంలో ఆ ఆఫీసుకు సాటి లేదు. అలాంటి ఆఫీసు సిబ్బందికే మంటంటే ఏమిటో తెలియకపోతే పరువు తక్కువని హెడ్డాఫీసు ఏటా ఒక వీడియో పంపిస్తుంది. అందరూ కలిసి చూడాలి. చివర్లో ‘నాకు అర్థమైంది’ అని ఆకుపచ్చ బటన్ వస్తుంది. వరసగా ఒక్కొక్కరూ వచ్చి నొక్కితే ఒక్కో సర్టిఫికెట్. మధ్యలో ఆపితే మళ్లీ మొదటి నుంచి. ‘అర్థం కాలేదు’ అనే బటన్ లేదు. అర్థం కాకపోవడానికి నిబంధనలు ఒప్పుకోవు.

ఈ ఏడు ఆ వీడియో నడిపించే భారం రీస్టార్టు మీద పడింది. హాజరుపట్టీలో అతనికి వేరే పేరుంది గానీ ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. ఎప్పుడో మేనేజరుగారి కంప్యూటర్ బిగుసుకుపోతే ఆపి మళ్లీ వేశాడు. అది బాగుపడింది. ఆ పాపానికి ఆఫీసులోని కంప్యూటర్లన్నీ అతని నెత్తిన పెట్టి, ఈ పేరు కూడా ఇచ్చారు. ఇవ్వనిదల్లా పర్మనెంటు ఉద్యోగం. చేరినప్పుడు టెంపరరీ. జుట్టు సగం నెరిసినా టెంపరరీయే.

“ఏమండీ, ఈసారైనా పర్మనెంట్ చేస్తారా, లేకపోతే టెంపరరీగానే రిటైర్ చేస్తారా?” అని ఆ పొద్దున బాక్సు చేతికిస్తూ భార్య అడిగింది. “నేను కాదు, మా తమ్ముడు అడుగుతున్నాడు.”

ఆ తమ్ముడు ఇంకో ఆఫీసులో పర్మనెంటు. పర్మనెంటైన నాటి నుంచి పని చేసినట్టు ఆధారాలేవీ దొరకలేదు.

“ఈసారి ఖాయమని చెప్పు మీ తమ్ముడికి,” అన్నాడు రీస్టార్టు.

అంత ధైర్యంగా అనడానికి కారణం ఉంది. ముందురోజే మేనేజరుగారు అతని భుజం మీద చెయ్యి వేశారు. “రేపు సాయంత్రానికి మన బ్రాంచికి నూటికి నూరు సర్టిఫికెట్లు వచ్చాయనుకో, నీ ఫైలు నేనే స్వయంగా పైకి పంపిస్తానోయ్. ఒక్కటి తగ్గినా మాత్రం నన్నడక్కు.”

సరిగ్గా ఆ రాత్రే కంప్యూటర్లన్నీ వాటంతట అవే అప్‌డేట్ అయ్యాయి. ‘మీ అనుభవాన్ని మరింత మెరుగుపరిచాం’ అని తెర మీద సందేశం. మెరుగుదల వెంటనే తెలిసిపోయింది. అకౌంట్స్ సెక్షన్ కంప్యూటర్లో వీడియో పెడితే మాట వినిపిస్తోంది, బొమ్మ లేదు, తెర నల్లగా ఉంది. క్లెయిమ్స్ సెక్షన్ కంప్యూటర్లో బొమ్మ కనిపిస్తోంది, మాట లేదు. అదీ నత్తతో పందెం వేసుకున్నట్టు కదులుతోంది. మిగతావాటిలో తెర ఆకుపచ్చగా వెలిగి ఊరుకుంటోంది. అది చూసి ఇద్దరు ఉద్యోగులు సర్టిఫికెట్ బటన్ అనుకుని తెరంతా నొక్కి వెళ్లారు.

రీస్టార్టు తన పేరు నిలబెట్టుకున్నాడు. అన్నిటినీ ఆపి మళ్లీ వేశాడు. వీడియో ప్లేయర్ మార్చాడు. బ్రౌజర్ మార్చాడు. సెట్టింగుల్లో టిక్కు ఉన్నచోట తీసేశాడు, లేనిచోట పెట్టాడు. అప్‌డేట్‌కే ఇంకో అప్‌డేట్ ఉందంటే అదీ వేశాడు. దాంతో మౌస్ బాణం కాస్త పెద్దదైంది. బొమ్మను నడిపించే పాత డ్రైవర్ ప్రోగ్రాము వెనక్కి తెద్దామంటే పాస్‌వర్డ్ అడిగింది. అది హెడ్డాఫీసులో ఒకాయన దగ్గర ఉంటుంది, ఆయన సెలవులో ఉంటాడు.

డిస్పాచ్ సెక్షన్ అక్కయ్య వచ్చి అకౌంట్స్ కంప్యూటర్ తెర చూసింది. ఆఫీసు మొత్తానికి పెద్దావిడ. మేనేజరుగారు కూడా ‘అక్కయ్య’ అనే పిలుస్తారు.

“ఓసారి తడిగుడ్డ పెట్టి తుడవవయ్యా, నీ సొమ్మేం పోయింది?”

తుడిచాడు. తెర నల్లగానే ఉంది. కాకపోతే శుభ్రంగా నల్లగా ఉంది.

చివరికి సహాయ కేంద్రానికి ఫోన్ చేశాడు. చాలాసేపు సన్నాయి వినిపించాక ఒక కుర్రాడి గొంతు వచ్చింది.

“అప్‌డేట్ తర్వాత వీడియో రావడం లేదా సార్? చాలా తేలిక. ఎలా సరిచేసుకోవాలో మా సైట్లో వీడియో పెట్టాం, చూడండి.”

“నాయనా, రానిదే వీడియో కదా?”

“అది ఎందుకు రాదో కూడా అందులోనే వివరంగా చెప్పాం సార్. మా సేవతో మీరు తృప్తి చెందితే ఒకటి నొక్కండి.”

అప్పుడు మేనేజరుగారు స్వయంగా రంగంలోకి దిగారు. సిబ్బందినంతా హాల్లోకి పిలిపించి గొంతు సవరించుకున్నారు.

“మిత్రులారా! సమస్యను సమస్యగా చూసేవాడు గుమాస్తా. సమస్యను వనరుగా చూసేవాడు మేనేజరు. మన దగ్గర ఒక కంప్యూటరుకు నోరుంది, ఒకదానికి ముఖముంది. రెండూ కలిస్తే ఏమవుతుంది? మనిషి అవుతుంది! పక్కపక్కన పెట్టండి. ఒకేసారి నొక్కండి. విజయం మనదే!”

చప్పట్లు మోగాయి. రెండు కంప్యూటర్లనూ మేనేజరుగారి బల్ల మీదికి చేర్చారు. బొమ్మ ఉన్నదానికి ప్రొజెక్టరు, మాట ఉన్నదానికి స్పీకర్లు తగిలించారు. అన్నిటి వైర్లూ బల్ల కింద ఉన్న ఒకే ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సులోకి దూర్చారు. మిగిలిన ఒక్క కన్నంలో మేనేజరుగారు తన టీ కెటిల్ పెట్టుకున్నారు. అంత లోడు అది తట్టుకోదని రీస్టార్టు గొణిగాడు గానీ, నూటికి నూరు గుర్తొచ్చి గొంతు పెద్దది చేయలేదు. కిటికీలు మూసి, కర్టెన్లు లాగారు. హాలు చీకటైంది. శిక్షణ మొదలైంది.

మాట ముందు పరిగెత్తింది, బొమ్మ వెనక దేకింది. స్పీకర్లోంచి గొంతు “మంట కనిపించగానే మీరు చేయాల్సిన మొదటి పని ఇది” అంటుంటే గోడ మీద ఒకాయన నవ్వుతూ టై సరిచేసుకుంటున్నాడు. “ఇది మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి” అంటుంటే ఒకావిడ కుర్చీలోంచి లేచి తలుపు వైపు నడుస్తోంది. సిబ్బంది శ్రద్ధగా రాసుకున్నారు. ‘మంట వస్తే టై. లేవరాదు.’ అకౌంటెంటుకు టై లేదు. అతను కాస్త కంగారు పడ్డాడు.

రీస్టార్టు కళ్లు మాత్రం ఒకేచోట ఉన్నాయి. మాట వచ్చే కంప్యూటర్లో బొమ్మ లేకపోయినా, వీడియో ఎంత వరకు వచ్చిందో చెప్పే గీత మాత్రం అడుగున కనిపిస్తోంది. సర్టిఫికెట్ లెక్క దాని మీదే. గీత సగం దాటింది. ముప్పావు దాటింది. ఒక్కో అంగుళానికీ అతనికి పర్మనెంటు ఉద్యోగం దగ్గర పడుతున్నట్టుంది. బావమరిది ముఖం ఎలా మాడుతుందో కూడా కనిపిస్తోంది.

నిజంగానే ఏదో మాడుతున్న వాసన వచ్చింది.

“మీకు పొగ వాసన వస్తోందా?” అని అడిగింది స్పీకరు.

“వస్తోందీ!” అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

“అబ్బ, ఈ ఏడు వాసన కూడా పెట్టారే!” అంది అక్కయ్య ముక్కు ఎగబీలుస్తూ. “కిందటేడు ఇదంతా లేదు.”

“అప్‌డేట్ అంటే ఏమనుకున్నావక్కయ్యా మరి!” అన్నారు మేనేజరుగారు గర్వంగా, ఆ అప్‌డేట్ తానే చేసినట్టు.

రీస్టార్టు వంగి బల్ల కిందికి చూశాడు. ఎక్స్‌టెన్షన్ బాక్సు కరిగి మైనంలా కారుతోంది. బల్లగుడ్డ అంచు అంటుకుంది. దానికి మూరెడు దూరంలో కర్టెన్.

“సార్! మంట! నిజం మంట!”

“కూర్చోవయ్యా!” అని కసిరారు మేనేజరుగారు. “బయటికి వెళ్లే పాఠం ఇంకా రాలేదు.”

“బల్ల కింద చూడండి సార్! తాళం తియ్యండి!”

“మధ్యలో లేస్తే మొత్తం మళ్లీ మొదటి నుంచి చూడాలి. తెలుసు కదా?” అన్నాడు అకౌంటెంటు దగ్గుతూ. “నా వల్ల కాదు బాబూ.”

“భయపడకండి,” అంది స్పీకరు. ఎవరూ భయపడలేదు.

రీస్టార్టు గీత వైపు చూశాడు. ఇంకో గోరంత మిగిలి ఉంది. ఒక్క నిమిషం. మహా అయితే రెండు. ఆపకపోతే నూటికి నూరు, ఫైలు పైకి, బావమరిది నోరు మూత. మంట కర్టెన్ వైపు నాలుక చాచింది. కర్టెన్ పక్క కుర్చీలో అక్కయ్య తల వంచుకుని ‘భయపడరాదు’ అని రాసుకుంటోంది.

ఒక్క దూకులో వెళ్లి మెయిన్ స్విచ్ కట్టేశాడు. గీత ఆగిపోయింది. మాటా బొమ్మా ఒకేసారి పోయాయి. ఆ రోజంతా అవి రెండూ కలిసి చేసిన పని అదొక్కటే.

కర్టెన్ లాగి పారేసి కిటికీలు బార్లా తెరిచాడు. పొగ బయటికి పోయింది. గోడకున్న ఎర్ర సిలిండర్ అందుకున్నాడు. తనిఖీ కోసం దానికి కొత్తగా రంగు వేయించారు. పిన్ను రంగులో అతుక్కుపోయి ఊడి రాలేదు. సిలిండర్ వదిలేసి మూలనున్న ఇసుక బకెట్ ఎత్తాడు. వాడి పారేసిన టీ కప్పులతో సహా ఇసుకంతా బల్ల మీదా బల్ల కిందా కుమ్మరించాడు. మేనేజరుగారి ఒడిలో కూడా కొంత పడింది.

మంట ఆరింది.

“అయ్యో, చివరిదాకా వచ్చిందయ్యా!” అంది అక్కయ్య. “ఇంకాస్త ఓపిక పట్టలేకపోయావా? నాకైతే కడుపు మండిపోతోంది.”

జరిగినది మేనేజరుగారు హెడ్డాఫీసుకు నివేదించారు. హెడ్డాఫీసు కదిలిపోయింది. నిజమైన అగ్నిప్రమాదం సంభవించినా ఒక్క ఉద్యోగి కూడా పరుగు పెట్టకుండా, అరవకుండా, కుర్చీ వదలకుండా శిక్షణ కొనసాగించడం కంపెనీ చరిత్రలోనే అపూర్వమని కొనియాడింది. వీడియో పూర్తి కాకపోయినా క్రమశిక్షణను బట్టి అందరికీ సర్టిఫికెట్లు మంజూరు చేసింది. మేనేజరుగారికి ప్రశంసాపత్రం. శిక్షణ మధ్యలో సీటు వదిలి లేచిన ఒక్క ఉద్యోగిని మాత్రం మినహాయించారు.

నూటికి నూరు రాలేదు. ఒక్కటి తగ్గింది.

“నేనేం చెయ్యనోయ్, నీ చేతులారా నువ్వే చెడగొట్టుకున్నావు,” అన్నారు మేనేజరుగారు బాధగా.

ఇంటికొచ్చేసరికి భార్య ఫోన్ చేతికిచ్చింది. తమ్ముడు ఇంట్లోవాళ్ల గ్రూపులో ఒక వీడియో పెట్టాడు. ‘బావా, ఇతనెవరో అచ్చం నీలాగే ఉన్నాడు!’ ఎదురు మేడలోని సెలూన్ యజమాని తన కిటికీలోంచి తీసినది. చిన్న ముక్క. అందులో ఒక మనిషి బకెట్ ఎత్తి, నోరు తెరుచుకుని కూర్చున్న పై అధికారి ఒళ్లో టీ కప్పులూ ఇసుకా కుమ్మరిస్తాడు. అంతే. ‘జీతం పెంచమంటే పెంచలేదు’ అని ఎవరో పేరు కూడా పెట్టారు. ఊరంతా పడీ పడీ నవ్వుతోంది.

మర్నాడు రీస్టార్టు సెలూన్‌కి వెళ్లాడు. మొత్తం వీడియో ఉంటే హెడ్డాఫీసుకు చూపించి ఫైలు కదిలించుకోవచ్చని ఆశ.

“మొదటి నుంచీ తీశానండీ,” అన్నాడు సెలూన్ యజమాని గడ్డం గీస్తూ. “మీ కిటికీ సందుల్లోంచి పొగ రావడం, మీరు కర్టెన్ లాగడం, లోపల మంట, అన్నీ ఉన్నాయి. కానీ ముందంతా బోరండీ. కోసేశాను. అంతసేపు ఎవరు చూస్తారు?”

“పొగ చూసినవాళ్లు ఫైరింజనుకి ఫోన్ చేయొచ్చు కదండీ?”

“ఎలా చేస్తానండీ? చేతిలో ఫోన్‌తో వీడియో తీస్తుంటేనూ!”

అయినా మంచివాడు. మొత్తం వీడియో పంపించాడు. రీస్టార్టు దాన్ని హెడ్డాఫీసుకు పంపాడు. ‘ఇది మా దగ్గర ఇదివరకే ఉంది, మేమంతా చూసి నవ్వుకున్నాం’ అని జవాబొచ్చింది. ఇది వేరే అండీ, పూర్తిది, అని మళ్లీ రాశాడు. ‘ముఖ్యమైన ముక్క మాత్రం పంపగలరు’ అన్నారు. ఇంట్లోవాళ్ల గ్రూపులో పెట్టాడు. ‘బావా, మరీ పొడుగైంది’ అన్నాడు బావమరిది. చివరికి ఊరంతా చూసేలా ఆ ముక్క పెట్టినచోటే పూర్తి వీడియో కూడా పెట్టాడు. చివరిదాకా చూసినది అతని భార్య ఒక్కతే. మూసిన కర్టెన్ వెనక మంట ఎర్రబడే చోట ఆపి, “అప్పుడు మీరక్కడే ఉన్నారా?” అని మాత్రం అడిగింది. తర్వాత పర్మనెంటు మాట ఎత్తలేదు.

ఆ వీడియో ఇంకా అక్కడే ఉంది. సాంకేతికంగా అందులో లోపమేమీ లేదు. బొమ్మ ఉంది, మాట ఉంది, రెండూ కలిసే నడుస్తాయి. ఏ అప్‌డేట్ వేసిన కంప్యూటర్లోనైనా, ఎంత పాత ఫోన్లోనైనా ఎక్కడా ఆగదు. ఆగిపోతున్నది చూసేవాళ్లే. మీకూ ఎవరో పంపే ఉంటారు. బకెట్ ముక్క చూసి నవ్వుకుని, ఇంకో నలుగురికి పంపి, ఆ పొడుగుది పైకి తోసేసి ఉంటారు. అది మీ తప్పని ఎవరూ అనరు. పొగ ఉన్నది మొదట్లో కదా.