మా మెసయీద్ బేస్‌బాల్ జట్టు: ఒక అభిమాని అంచనా

తెలుగుజాతి బేస్‌బాల్‌లో ఇంత వెనకబడిపోవడానికి గత పాలకుల నిర్లక్ష్యమే కారణమని మా ఆనందరావుగారు దోహాలో ప్రకటించారు. వెస్ట్ బేలో సముద్రం కనిపించే హోటల్లో, భోజనాలకి ముందు ప్రకటించారు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేదు. ఈ అన్యాయాన్ని తానే సరిదిద్దుతానని కూడా అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కాస్త ఎక్కువ కొట్టాను. నా సెలవు దరఖాస్తు అప్పటికింకా ఆయన బల్లమీదే ఉంది.

ఆనందరావుగారిని ఎరగని తెలుగువాడు ఖతార్‌లో ఉండడు, ఉన్నా ఆయన ఊరుకోరు. గ్యాసూ చమురూ పొంగిపొర్లుతూ, రాత్రికి రాత్రి టవర్లు లేస్తున్న రోజులవి. ఆయన మా కంపెనీకి హెచ్.ఆర్. మేనేజరు, మా పార్టీకి ఖతార్ శాఖ కన్వీనరు. పగలంతా కార్మికుల సెలవులు తిరస్కరించి, సాయంత్రం కార్మికుల సంక్షేమం మీద మాట్లాడేవారు. ఒకే మనిషి రెండు డ్యూటీలు చేస్తూ ఓవర్‌టైం అడగకపోవడం నేను ఆయన దగ్గరే చూశాను. ఆయన ఆఫీసులో ఫైళ్ళు చూసే గుమాస్తాని నేను.

అన్ని ఆటలుండగా బేస్‌బాలే ఎందుకని మీరు అడగొచ్చు. మాఘమాసంలో హైదరాబాదులో ప్రవాస తెలుగు క్రీడోత్సవాలు జరుపుతామని మంత్రిగారు ప్రకటించారు. కప్పు గెలిచిన జట్టు తాలూకు కన్వీనరుకి ప్రవాస క్రీడా సలహాదారు పదవి, బుగ్గకారు. ఈ కబురు మాకు చేరేసరికి క్రికెట్‌ని దుబాయ్ వాళ్ళు, కబడ్డీని కువైట్ వాళ్ళు పట్టుకుపోయారు. షటిల్ మస్కట్ మహిళా విభాగానికి పోయింది. మిగిలింది బేస్‌బాల్ ఒక్కటే. దానికి మరే దేశం నుంచీ జట్టు లేదని తెలియగానే ఆనందరావుగారికి చిన్నప్పటినుంచీ ఆ ఆటంటే ప్రాణమని గుర్తొచ్చింది.

ముందు మా ఆఫీసు ఇంజనీర్లని అడిగారు. ఆగస్టు ఎండలో ప్రాక్టీసు అనగానే అందరికీ ఒకేసారి నడుంనొప్పి వచ్చింది. దాంతో ఆనందరావుగారు ప్రజల్లోకి వెళ్ళాలని నిర్ణయించుకున్నారు. ప్రజలు మెసయీద్‌లో మా కంపెనీ కార్మికుల క్యాంపులో, మంచం మీద మంచం వేసుకుని ఉంటారు. శుక్రవారం పొద్దున్నే ఏసీ కారులో వెళ్ళాం.

"మీలో కర్రాబిళ్ళ ఆడినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు ఆనందరావుగారు.

ఎవరూ ఎత్తలేదు. పెద్దవాడు గంగన్న, ఆర్మూరు దగ్గరివాడు, పక్కవాణ్ణి అడిగి తెలుసుకుని, "చిర్రగోనెనా సార్? గట్లడుగుండ్రి. అది ఆడనోడు ఎవడున్నడు మా దిక్కు?" అన్నాడు. క్యాంపు మొత్తం చేతులెత్తింది.

"అదే బేస్‌బాల్. అమెరికావాడు మన దగ్గర ఎత్తుకుపోయాడు" అన్నారు ఆనందరావుగారు. ఆ వాక్యం మర్నాడు పార్టీ ప్రకటనలో కూడా వచ్చింది.

జట్టులో తొమ్మిదిమందే. అదనపు ఆటగాళ్ళని పెట్టుకోవడం ఆత్మవిశ్వాసం లేనివాళ్ళ పని అని ఆయన అభిప్రాయం. ఇక అభిమానిగా నా అంచనా చెబుతాను. బంతి విసిరేవాడు లింబాద్రి. కింద నిలబడి మూడో అంతస్తుకి ఇటుకలు విసరడం అతని ఉద్యోగం. పట్టేవాడు గంగన్న. ఆ ఇటుకల్ని పైన నిలబడి పట్టుకోవడం అతని ఉద్యోగం. వీళ్ళిద్దరి మధ్య ఇంతవరకూ ఒక్క ఇటుకా జారలేదు, జారి ఉంటే ఒకరు మిగిలేవారు కాదు. పరుగులో జలంధర్‌ని మించినవాడు లేడు. క్యాంపులో అంతమందికీ ఉన్న ఆ కాసిని స్నానాల గదుల వల్ల అతనికి రోజూ తెల్లవారుజామునే సాధన. మిగిలిన ఆరుగురూ మైదానంలో ఊరికే ఎండలో నిలబడాలి. ఈ విభాగంలో మా జట్టుకి ప్రపంచంలోనే పోటీ లేదు.

జట్టు అవకాశాలు కూడా బ్రహ్మాండం. మనమొక్కరమే ఆడితే కప్పు ఖాయం, ఇంకో జట్టు వస్తే ఫైనల్ ఖాయం.

ఒక్క లింబాద్రికే ఏదో బెంగ ఉన్నట్టు కనిపించింది. అతనికి గంగామణి అనే పిల్లతో సంబంధం కుదిరి చాలాకాలమైంది. మూడుసార్లు ముహూర్తం పెట్టారు. మూడుసార్లూ అతను సెలవడిగాడు. మూడుసార్లూ ఆనందరావుగారు "మాఫీ ఛుట్టీ" అన్నారు, సెలవు లేదనే మాట అరబ్బీ, హిందీ రెండింట్లోనూ కలిసొచ్చేటట్టు. ఈసారి మాఘమాసంలో రాకపోతే పిల్లని వేరేవాళ్ళకిస్తామని మామ కబురు పంపాడు. జట్టు ఎంపిక కాగానే లింబాద్రి చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు.

"సార్, ఆట అయిన తెల్లారే నా లగ్గం ఉన్నది. ఒక్కపూట ఊరికి పోయొస్త సార్. తాళి గట్టి మల్ల బస్సెక్కుత."

"చూడు లింబాద్రీ" అన్నారు ఆనందరావుగారు అతని భుజం మీద చెయ్యి వేసి. "సెలవనేది ఎమర్జెన్సీకి ఇస్తారు. పెళ్ళి ఎమర్జెన్సీ కాదు, ముందుగా తెలిసిన ప్రమాదం. మీరు ఎయిర్‌పోర్టు నుంచి గ్రౌండుకి, గ్రౌండు నుంచి ఎయిర్‌పోర్టుకి. మధ్యలో ఊళ్ళూ లగ్గాలూ అంటే జట్టు క్రమశిక్షణ ఏం కావాలి?"

"పిల్లని వేరేటోళ్ళకి ఇస్తమంటున్నరు సార్."

"ఇవ్వనీవయ్యా. నీకు తెలుగుజాతి ఉంది."

లింబాద్రి వెనక్కి వెళ్ళి వరసలో నిలబడ్డాడు. ఆ మాట విని నాకే సిగ్గేసింది. కానీ నా దరఖాస్తు గుర్తొచ్చి తల ఊపాను.

ఆ రోజే శిక్షణ మొదలైంది. ఆనందరావుగారు ఆఫీసు కంప్యూటర్లో చూసొచ్చిన ఆటని ఇసకలో గీసి చూపించారు. బేస్‌బాల్ చరిత్రలో అంత క్లుప్తంగా ఆట నేర్పిన కోచ్ ఇంకొకరు ఉండరు.

"ఇదిగో, బ్యాటు పట్టుకుని నిలబడే ఈ చోటుని హోం అంటారు. బంతిని కొట్టాలి. కొట్టి ఈ మూడు మూలలూ చుట్టి మళ్ళీ హోంకి రావాలి. వస్తే పాయింటు."

"హోం అంటె ఇల్లే గద సార్?" అన్నాడు గంగన్న.

"ఇల్లే."

"ఇంటికాడికెల్లి ఎల్లి, తిరిగి తిరిగి మల్ల ఇంటికొస్తెనే పాయింటా?"

"అంతే. రాకపోతే ఆడిందంతా దండగ."

గంగన్న చాలాసేపు ఇసకలో గీత వైపే చూశాడు. లింబాద్రి అడిగాడు, "నడుమ ఎవలన్న ఆపుతరా సార్?"

"అందరూ ఆపాలనే చూస్తారు. నువ్వు ఆగకూడదు. వెనక్కి తిరిగి చూడకూడదు. దాన్నే హోం రన్ అంటారు."

"యల్లా, పోదాం పాండ్రి" అన్నాడు జలంధర్. ఆ రోజునుంచి వాళ్ళు ప్రాక్టీసు ఎగ్గొట్టింది లేదు. డ్యూటీ దిగి, సైటు హెల్మెట్లతోనే, సిమెంటు చేతితొడుగులతోనే ఆడేవాళ్ళు. ఇంత పట్టుదల వీళ్ళకి ఎక్కడినుంచి వచ్చిందా అని ఆనందరావుగారు ముచ్చటపడి, తననుంచే అని తేల్చుకున్నారు.

తర్వాత దేశం దాటే కాగితాల పని పడింది. ఇక్కడ ఎవరు గడప దాటాలన్నా కఫీల్ ఎగ్జిట్ పర్మిట్ ఇవ్వాలి. కఫీల్ అంటే మమ్మల్నందరినీ తెచ్చుకున్న యజమాని. తొమ్మిదిమందిని ఒకేసారి వదలడానికి ఆయన ఒక షరతు పెట్టాడు. ఆ షరతుని మా కంపెనీ పాస్‌పోర్టుల బీరువాకి అధిపతి, పాతబస్తీ మనిషి గౌస్ మొహియుద్దీన్ అందరి ముందూ విడమరిచి చెప్పాడు.

"సాబ్, మీరు జమానత్ సంతకం జేస్తున్నరు, వాళ్ళకి పూచీ మీరే. తొమ్మిదిమందికి దర్వాజా ఖులాయిస్తే మీది బంద్ అయితది. వాళ్ళు వాపస్ వచ్చినంకనే మీరు కదిలేది. ఒక్కడు తక్కువైనా కుదర్దు."

"ఆట అయిన మర్నాడే నేనూ వెళ్ళాలి కదా, ప్రమాణస్వీకారానికి?"

"ఆట అయిన రాత్రే వాళ్ళు విమానం ఎక్కుతరు సాబ్. దిగంగనే మీది ఖుల్లా. మీరు మర్నాడు ఎగురుండ్రి."

"అయితే ఇంకేం? నా పిల్లలు నన్ను దాటి ఎక్కడికి పోతారు?" అంటూ ఆనందరావుగారు సంతకం పెట్టారు. ఫోటోకోసం ఇంకోసారి పెట్టినట్టు నటించారు.

జట్టు హైదరాబాదు చేరింది. విమానాశ్రయంలో దండలతో వి.ఐ.పి. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు, మామూలు గేటులోంచి వచ్చిన మా ఆటగాళ్ళని చూడలేదు. ఆనందరావుగారి ఆదేశం ప్రకారం వాళ్ళని ఒక అతిథిగృహంలో పెట్టి, క్రమశిక్షణకోసం బయట తాళం వేశారు. మన గడ్డమీద కూడా ఖతార్ వాతావరణం లోపించకుండా చూసిన ఆ శ్రద్ధకి మెచ్చుకోవాలి.

ఆట రోజున వెస్ట్ బే హోటల్లో పెద్ద తెర కట్టారు. మెసయీద్ క్యాంపువాళ్ళకి డ్యూటీ ఉంది కాబట్టి, నడుంనొప్పి ఇంజనీర్లంతా సకుటుంబంగా వచ్చి తమ జట్టుని ఉత్సాహపరిచారు. మన ప్రత్యర్థులు క్రీడల శాఖ సిబ్బంది. ఇంకో జట్టు లేకపోతే బాగుండదని ఫైళ్ళు పక్కన పెట్టి వచ్చారు. బంతి విసురుతున్నది సూపరింటెండెంటుగారు. ఆ శాఖలో ఏ ఫైలు కదిలే వేగమో, బంతీ అదే వేగంతో వచ్చింది.

మొదట లింబాద్రి బ్యాటు పట్టుకున్నాడు. చిర్రని లేపి కొట్టినట్టు కొట్టాడు. బంతి ప్రహరీ దాటింది. లింబాద్రి మొదటి మూల చుట్టాడు, రెండోది, మూడోది. హోం తొక్కాడు. తొక్కి, హెల్మెట్ తీసి అక్కడ పెట్టి, అదే ఊపులో గేటువైపు ఉరికాడు. మంత్రిగారి కారుకోసం గేటు బార్లా తీసి ఉంది.

"హోం రన్" అన్నారు ఆనందరావుగారు లేచి నిలబడి. హాలు దద్దరిల్లింది.

జలంధర్ కొట్టాడు, చుట్టాడు, హెల్మెట్ పెట్టాడు, గేటు దాటాడు. అతని వెనక ఇంకొకడు. ఆనందరావుగారి శ్రీమతి అరుంధతిగారు మెల్లిగా అడిగారు. "ఏవండీ, కొట్టినవాళ్ళు వెనక్కి రారా?"

"నీకు ఆట తెలీదు అరుంధతీ. హోం రన్ అంటే అదే."

చివర గంగన్న వయసుకి తగ్గట్టు నింపాదిగా పరిగెత్తాడు. హోం దగ్గర వంగి నేల ముట్టి కళ్ళకద్దుకున్నాడు. గేటు దగ్గర కాపలా బంట్రోతు ఆపబోతే ఏదో చెప్పాడు, బంట్రోతు పక్కకి తప్పుకున్నాడు. ఆ తర్వాత వంతు మళ్ళీ లింబాద్రిది. కోర్టులో పిలిచినట్టు అతని పేరు మూడుసార్లు పిలిచారు. కెమెరా మైదానమంతా తిరిగింది. వరసగా పెట్టిన హెల్మెట్లు, వాటికవతల ఖాళీ గేటు, దాని బయట కదిలిపోతున్న ట్రాలీ ఆటో కనిపించాయి. అందులోంచి ఎవడో చెయ్యి ఊపాడు.

ఖతార్ జట్టే గెలిచిందని క్రీడల శాఖ తేల్చింది. ఒక్కడూ అవుట్ కాలేదు మరి. పైగా కప్పుమీద ఆనందరావుగారి పేరు ముందే చెక్కించారు.

మర్నాడు సూటూ, ప్రమాణపత్రం, అభినందన దండా పట్టుకుని ఆనందరావుగారు విమానాశ్రయానికి బయల్దేరారు. సూట్‌కేసు నేను మోశాను. కౌంటరులో కుర్రాడు కంప్యూటర్ చూసి, ఆయన్ని చూసి, తల అడ్డంగా ఊపాడు. గౌస్ మొహియుద్దీన్‌కి ఫోన్ చేశాం.

"నేను చెప్పిన కదా సాబ్. తొమ్మిదికి తొమ్మిది ఖల్లివల్లి."

కంపెనీ వదిలి పారిపోయినవాళ్ళని ఇక్కడ అలాగే అంటారు. ఆ మాట ఆనందరావుగారు ఎంతోమంది ఫైళ్ళమీద స్వహస్తాలతో రాశారు.

అక్కడే కుర్చీలో కూలబడి లింబాద్రికి ఫోన్ చేయించారు. నేను స్పీకర్ పెట్టాను. అవతల డప్పులు, సన్నాయి, ఆడవాళ్ళ నవ్వులు. లింబాద్రి గొంతుని నేను వెంటనే గుర్తు పట్టలేకపోయాను. క్యాంపులో ఆ గొంతు అంత పైకి లేవగా నేనెప్పుడూ వినలేదు. నా కళ్ళు చెమర్చాయి, సూట్‌కేసు సర్దుతున్నట్టు వంగాను.

"ఏరా, నమ్మించి గొంతు కోస్తావా?" అన్నారు ఆనందరావుగారు.

"ఏంది సార్ గట్లంటరు? ఇంటికొస్తెనే పాయింటు, ఎనకకి చూడద్దని మీరే చెప్తిరి గద."

"నీకంటే పెళ్ళి. ఆ గంగన్నకేం వచ్చింది? మిగతావాళ్ళకేం వచ్చింది?"

ఫోన్ గంగన్న అందుకున్నాడు. "మాకు లగ్గం లేకుంటె ఏంది సార్, ఇల్లున్నది గద."

మళ్ళీ లింబాద్రి మాట వినిపించింది. "సార్, గంగామణి గూడ చెప్పమంటున్నది. మీరు పెద్దమనిషి, అక్షింతలేద్దురు గాని. పొద్దుమూకకముందే రాండ్రి."

ఆనందరావుగారు అద్దాల్లోంచి బయటికి చూశారు. హైదరాబాదు విమానం వెనక్కి జరుగుతోంది. పదవి ఆ సాయంత్రమే మస్కట్ మహిళా విభాగానికి ఇచ్చారని తర్వాత తెలిసింది.

ఇది జరిగి ఆర్నెల్లయింది. ఆయన దరఖాస్తు కఫీల్ బల్లమీద ఉంది. నాది ఆయన బల్లమీద ఉంది. ఈ మధ్య ఆయన రోజూ డ్యూటీ కాగానే మెసయీద్ వెళ్ళి, సైటు హెల్మెట్ పెట్టుకుని, క్యాంపువాళ్ళ దగ్గర చిర్రగోనె నేర్చుకుంటున్నారు. వచ్చే మాఘానికి కొత్త జట్టు కడుతున్నాం. మొదటి పేరు ఆయనదే.

"ఏ స్థానంలో ఆడతారండీ?" అని అడిగాను.

"ఏదైనా ఫర్వాలేదయ్యా మూర్తీ. హోం ఎటుందో చెప్పు చాలు" అన్నారు.

రెండో పేరు నాది రాయించాను. నడుంనొప్పులు తగ్గి ఇంజనీర్లు కూడా ముందుకొచ్చారు, జట్టు ఒక్క పూటలో నిండింది. అభిమానిగా నా అంచనా ప్రకారం అవకాశాలు ఈసారి మరీ బ్రహ్మాండంగా ఉన్నాయి. జమానత్ సంతకానికే మనిషి దొరకడం లేదు.