మోకాళ్ల లోతు పడవ సంఘం

మానవజాతి ఇంతవరకు కనిపెట్టినవాటిలో గొప్పవి మూడే: నిప్పు, చక్రం, సహకార సంఘం. మొదటి రెండింటినీ రిజిస్టరు చేయించాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు కాబట్టి అవి చకచకా వాడుకలోకి వచ్చేశాయి. మూడోదాని విషయంలో ఆ పొరపాటు జరగలేదు.

1967లో ఈ మూడో ఆవిష్కరణను శరణుజొచ్చినవాడు విశ్వేశ్వర్. నాందేడు వజీరాబాదులో ఇత్తడి సామాన్ల దుకాణం ఆయనది. కారణం ఆయన భార్య లీలాబాయి. ఆమె పుట్టిల్లు ధర్మాబాద్ అవతల గోదావరి ఒడ్డు పల్లె. అక్కడ చేనుకు పోవాలన్నా, సంతకు పోవాలన్నా వాళ్ల నాయన పడవే గతి. పదేళ్ల వయసు నుంచే గెడ పట్టి ఆమే తోసేది. పెళ్లయి నాందేడు వచ్చి పదహారేళ్లయింది. ఇంటికి అర మైలు దూరంలో అదే గోదావరి పారుతోంది. ఈ పదహారేళ్లలో ఆమె పడవ ఎక్కింది లేదు. చీర అడగలేదు, నగ అడగలేదు. ఏటా కార్తీకం రాగానే, గోదావరిని గంగ అని పిలిచే తన పల్లె యాసలో, ఒకటే మాట.

"ఒక్కసారి పడవల నడి గంగ దాంక పోయి రావాలె. గంతే."

"ఈ యేడు తప్పకుంట పోదాం" అని విశ్వేశ్వర్ ఏటా మాట ఇచ్చేవాడు. మనిషి మంచివాడు. మాట ఇవ్వడంలో ఎన్నడూ వెనకాడలేదు.

నది మెట్ల ఘాటు దగ్గర రేవు పడవ లేకపోలేదు. అయితే అందులో మేకలు, కట్టెల మోపులు, వాటి మధ్య దొరికిన సందులో మనుషులు ప్రయాణం చేసేవారు. వజీరాబాదు సేటు భార్య మేకతో భుజం రాసుకుంటూ ఏరు దాటితే బజారు ఊరుకుంటుందా? (బజారుకు అంతకు మించిన పని లేదు.) ఇక సొంత పడవ కొనే తాహతు విశ్వేశ్వర్‌కు లేదు. ఆ మాట ధాన్యం ఆడత్ దుకాణం నడిపే బాబురావ్ దగ్గర అంటే, ఆయన సంఘం పెట్టేద్దామన్నాడు.

"ఒక్కని పడవయితె ఒక్కనికే మోజు. పదకొండు మంది కలిసి కొంటె పదకొండు మందికి మోజు. ఖర్చు పదకొండో వంతు, షోకు మాత్రం పూరా" అన్నాడు బాబురావ్. ఇంత చవకైన సుఖం గురించి విన్న పెద్దమనుషులు వారంలోపలే పదకొండు మంది పోగయ్యారు. బాబురావ్ అధ్యక్షుడయ్యాడు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుందని విశ్వేశ్వర్‌ను కార్యదర్శిని చేశారు. నల్లగా నిగనిగలాడే టేకు పడవ ఎడ్లబండి మీద ఊరేగుతూ వచ్చి, టెంకాయ కొట్టించుకుని, బాబురావ్ గోదాములో రెండు దుంగల మీద ఆసీనమయింది. ఒక్కో సభ్యుడికి పడవలో పదకొండో వంతు. ఏ వంతు ఎవరిదన్నది మాత్రం తేలలేదు, అందరూ ముందు భాగమే కావాలన్నారు.

రిజిస్ట్రేషను కోసం విశ్వేశ్వర్ సహకార నమూనా నిబంధనల ఉపశాఖకు వెళ్లాడు. అక్కడి గుమాస్తా పేరు ఆనందం, మనిషి కరుణామూర్తి. ఎవరినీ ఊరికే వెనక్కు పంపేవాడు కాదు, మళ్లీ రమ్మని పంపేవాడు.

"సేట్, మా దగ్గర చెరుకుకు నమూనా ఉన్నది, పాలకు ఉన్నది, మగ్గాలకు ఉన్నది. పడవకు లేదు. కొత్తది కావాల్నని బొంబయికి రాస్తె ఏడేండ్లు" అన్నాడు ఆనందం.

"ఏడేండ్లా? ఇంట్ల నాకు బువ్వ పెట్టరు, ఆనందం!"

ఆనందం బీరువా తెరిచి పాత కట్టలు తిరగేశాడు. "సొత్తు ఒక్కటి. మాలిక్‌లు శానమంది. వంతులేసుకొని తోల్కపోతరు, పని కాంగనె తెచ్చి కట్టేస్తరు. గంతే గదా?"

"గంతే."

"అట్లాంటిది ఒక్కటున్నది సేట్. ఊరుమ్మడి ఆబోతు."

ఊరి ఆవులన్నిటికీ కలిపి ఒక ఆబోతును పోషించుకునే రైతుల కోసం ప్రభుత్వం వారు ముప్పై నాలుగు నిబంధనలు ఎప్పుడో తయారు చేసి ఉంచారు. ఆనందం ఎర్రసిరా తీసుకుని అరవై ఒక్క చోట్ల 'ఆబోతు' కొట్టేసి 'పడవ' అని రాశాడు. ఒక్క మాట మార్చడానికే ఆయనకు అధికారం ఉంది. రెండో మాట ముట్టుకుంటే బొంబాయికి రాయాలి. మధ్యాహ్నానికల్లా సంఘం రిజిస్టరయింది. విశ్వేశ్వర్ సంతోషంగా జిలేబీ కట్టించుకుని ఇంటికి పోయాడు.

మొదటి ఏడు నాలుగో నిబంధన ఎదురైంది. 'ప్రతి సంవత్సరము పడవను పశువైద్యునికి చూపి, నీరోగి అని దాఖలా పొందవలెను.' వైద్యుడు నిజాయితీపరుడు, చూడకుండా సంతకం పెట్టే రకం కాదు. గోదాముకు వచ్చి పడవను రెండు పక్కలా తట్టాడు, చెవి ఆనించి విన్నాడు, ముందు నోరెటుందో అడిగి తెలుసుకున్నాడు. 'జ్వరము లేదు. కదలిక లేదు. మేత ముట్టుట లేదని చెప్పుచున్నారు. వేసవి వరకు గమనించవలెను' అని దాఖలా ఇచ్చాడు. వేసవి వరకు గమనించారు. పడవ ఆరోగ్యం కుదుటపడిందని తేలేసరికి గోదావరి ఇసుకలో పుచ్చపాదులు పూతకొచ్చాయి.

రెండో ఏడు పదకొండో నిబంధన. 'పడవ కోరు సభ్యుడు తన ఇంట ఎదకు వచ్చిన ఆవు ఉన్నట్లు రుజువు చూపవలెను.' విశ్వేశ్వర్ ఇంట ఇత్తడి బిందెలు తప్ప ఏమీ లేవు. ఆయన పరువుగల కార్యదర్శి. నిబంధనకు అడ్డదారి వెతకకుండా, ఒక ఆవును కొని ఇంటికి తోలుకొచ్చాడు.

లీలాబాయి వాకిట్లో నిలబడి చూసింది. "పడవ అంటిరి. ఆవు తెస్తిరి."

"ముందుగాల ఆవు, ఎన్క పడవ. కానూను అట్లున్నది లీలా."

"ఎప్పుడు పోతం మరి?"

"దీనికి మనసయినప్పుడు."

ఆమె నవ్వింది. ఆవుకు కుడితి పెట్టింది. తర్వాత మేడ మీదికి పోయి నది వైపు చూస్తూ పొద్దుగూకేదాకా నిలబడింది. ఆ పూట విశ్వేశ్వర్‌కు అన్నం సయించలేదు. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఆవును రోజుకు రెండుసార్లు పలకరించాడు. అది ఉగాది వెళ్లిన నాలుగో రోజున ఎదకొచ్చింది. అప్పటికి నదిలో పడవకు కాదు కదా, బాతుకు కూడా నీళ్లు చాలవు.

మూడో ఏడు విశ్వేశ్వర్ పట్టుదలగా నిబంధనలన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. పందొమ్మిదో దాని దగ్గర ఆయన కళ్లజోడు జారిపోయింది. 'పడవను కడుగుటకు తప్ప నదిలో గాని చెరువులో గాని దింపరాదు. కడుగునప్పుడు మోకాళ్ల లోతు దాటరాదు.' అంటే ఈ పడవ నీళ్ల మీద తిరగడానికి చట్టంలో దారే లేదు! మరొకడయితే నీరుగారిపోయేవాడు. విశ్వేశ్వర్ రెండు రోజులు ఆలోచించి, పడవను కడగడానికి అనుమతి కోరుతూ అర్జీ పెట్టాడు. కడగడానికి ఆవు అక్కర్లేదు. అనుమతి వచ్చింది.

కార్తీక మాసం, ఒక ఆదివారం పొద్దున గోవర్ధన్ ఘాటు. పడవ కడగడానికి కోరం తొమ్మిది మంది. ఏడుగురు వచ్చారు, మిగతా ఇద్దరిని టాంగా పంపి పక్కమీది నుంచి లేపుకొచ్చారు. లీలాబాయి ఆకుపచ్చ చీర కట్టుకుని, డబ్బాలో అటుకుల చుడువ పోసుకుని, చెప్పిన వేళకు అందరికన్నా ముందే వచ్చింది. పడవను నీటి అంచుకు దింపారు. గోదావరి ఒడ్లు తాకుతూ నిండుగా ఉంది. ఇంకెంత, పది అడుగులు.

అప్పుడు బాబురావ్ చెయ్యెత్తాడు. "మోకాళ్ల లోతు అని రాసి ఉన్నది. ఎవరి మోకాళ్లు?"

ప్రశ్న సబబైనదే. పడవకు మోకాళ్లు లేవు. అధ్యక్షుడి మోకాళ్లు అందామంటే ఆయన ఆరడుగుల మనిషి, పొట్టివాళ్లకు అన్యాయం. పదకొండు మంది మోకాళ్లూ కొలిచి సగటు తీద్దామని ఒక సభ్యుడు సూచించాడు. రాని ఇద్దరి మోకాళ్లు ఎలా కొలవాలని ఇంకొకరు అడిగారు. విశ్వేశ్వర్ దఫ్తరం తెరిచి, ఠరావ్ రాసుకోవడానికి కలం తీశాడు. తీర్మానం కాగితం మీదికి ఎక్కకుండా సంఘంలో ఏదీ జరిగినట్లు కాదు.

లీలాబాయి కాసేపు విన్నది. చుడువ డబ్బా పడవలో పెట్టింది. కుచ్చిళ్లు ఎగదోపి, పడవను ఒక్క తోపు తోసి, ఎక్కి గెడ అందుకుంది. పందొమ్మిదేళ్ల తర్వాత కూడా చేతులు ఏమీ మరవలేదు. పడవ ఒడ్డు విడవకముందే వెనక్కు తిరిగి భర్త వైపు చెయ్యి చాచింది.

"రాండ్రి. ఎక్కుండ్రి."

విశ్వేశ్వర్ ఒక కాలు నీళ్లలో పెట్టాడు. వెనక నుంచి బాబురావ్ గొంతు వినిపించింది: "రాసుకో విశ్వేశ్వర్! సగటు మోకాలు..."

"జర ఆగు లీలా. ఠరావ్ అయితున్నది."

"మీ ఠరావ్ కానీయుండ్రి" అని ఆమె గెడ వేసింది.

నడి గంగకు పోయి గెడ పైకి తీసి, నీళ్లలో ఒక చెయ్యి వేలాడేసి కూర్చుంది. ఒడ్డు నుంచి ముఖం కనిపించదు. కానీ ఆమె నవ్వుతోందని విశ్వేశ్వర్‌కు తెలుసు. ఆ నవ్వు దగ్గరి నుంచి చూడాలని ఆయనకు ప్రాణం కొట్టుకుపోయింది. కలం మాత్రం చేతిలో అలాగే ఉంది.

గంట తర్వాత లీలాబాయి తిరిగొచ్చేసరికి సభ ఏకగ్రీవంగా ఇరవయ్యారో నిబంధన అమలు చేసింది. 'పడవ కట్టు విప్పుకొని, యజమాని లేకుండ తిరిగినచో బందెల దొడ్డికి అప్పగించవలెను.' విశ్వేశ్వర్ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు. సాయంకాలానికి పడవ దొడ్డిలో రెండు తప్పిపోయిన బర్రెలకు, ఒక గాడిదకు నడుమ చేరింది.

మర్నాడు విడిపించుకోవడానికి పోయారు. ముగ్గురికి బజారులో పనుండి, ఎనిమిది మందే వచ్చారు. దొడ్డి చూసుకునే రామచందర్ రిజిస్టరు ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఇది మాదే. కాయిదాల మా పేర్లున్నయి" అన్నాడు బాబురావ్.

"పేర్లు ఎవలయినా రాసుకుంటరు సేట్. ఆవునయితె పిండెటోళ్లు అచ్చి ఇడిపిచ్చుకపోవాలె. గాడిదనయితె మూట ఏసెటోళ్లు రావాలె. దీన్ని మీల ఎవలన్న ఎక్కిండ్రా?"

ఎనిమిది మందీ పరువుగల సభ్యులు. అబద్ధం ఆడే మనుషులు కారు.

"ఎక్కలేదు" అన్నాడు విశ్వేశ్వర్.

"ఎక్కినోళ్లు ఎవలున్నరు మరి?"

"మా ఇంటామె."

"తోల్కరాండ్రి."

లీలాబాయి వచ్చింది. గెడ ఏ చేత్తో పట్టాలో, ఏ పక్క కొంచెం వాలుతుందో చెప్పింది. రామచందర్ 'యజమాని: లీలాబాయి' అని రాసి వేలిముద్ర అడిగితే, ఆమె సంతకం పెట్టింది. బాబురావ్ అభ్యంతరం చెప్పబోయాడు గానీ, అభ్యంతరానికి తొమ్మిది మంది కోరం ఉండాలి. ఆమె నలుగురు హమాలీలను పిలిచి పడవను ఘాటుకు మోయించింది.

అది మొదలు ప్రతి ఆదివారం గోదావరిలో పడవ తిరుగుతోంది. పక్కింటి ఉమాబాయి పోతుంది, వీధిలోని ముసలమ్మలు పోతారు. ఒకనాడు విశ్వేశ్వర్ చుడువ డబ్బా తానే చేతికందిస్తూ, నెమ్మదిగా అడిగాడు. "లీలా, నన్ను గుడ తోల్కపోవా?"

"ఎందుకు తోల్కపోను?" అంది లీలాబాయి, ఎంతో ప్రేమగా. "అర్జీ పెట్టుండ్రి."

విశ్వేశ్వర్ ఆ సాయంకాలమే మూడు ప్రతుల్లో అర్జీ రాసి ఇచ్చాడు. అది పరిశీలనలో ఉంది.