ఎర్రటోపీ వెనకాల

టూరులో అది ఆఖరి రోజు. ఒంటి గంటకు బస్సు విమానాశ్రయానికి బయలుదేరుతుంది. అంతదాకా ఎవరికి తోచింది వాళ్లు చూసుకోవచ్చని గైడు చెప్పాడు. పోస్ట్‌మాన్ గారూ, ఆయన భార్య నర్సమ్మా హోటల్లో రెండు సైకిళ్లు అద్దెకు తీసుకున్నారు. ఇద్దరికీ సైకిలు కొత్త కాదు. ఆయన ఇరవై ఎనిమిదేళ్లు ఉత్తరాల సంచితో తొక్కాడు. ఆవిడ అన్నేళ్లూ మందుల పెట్టెతో తొక్కింది.

తొమ్మిది రోజులుగా పరాయి దేశాన్ని బస్సు కిటికీలోంచే చూసిన నర్సమ్మకు మిగిలిన కోరిక ఒక్కటే. టూరు వాళ్లిచ్చిన కాగితంలో బొమ్మ వేసిన సరస్సు ఈ ఊళ్లోనే ఉందట. అందులో కాసేపు కాళ్లు పెట్టుకుని కూర్చోవాలి. హోటల్లో ఎవరికైనా బొమ్మ చూపించి దారి అడుగుదామంది. పోస్ట్‌మాన్ గారికి నామోషీ అనిపించింది.

"ఊరందరికీ అడ్రసులు చెప్పినవాణ్ణి. నేను పోయి దారి అడగాలా?"

అంతలో వీధి మలుపులో ఎర్రటోపీ పెట్టుకున్న మనిషొకడు సైకిలు దిగి, ఒక ఇంటి తలుపు సందులో కవరు పడేసి, మళ్లీ సైకిలెక్కాడు. పోస్ట్‌మాన్ గారికి సొంత మనిషి కనబడ్డట్టయింది.

"సరస్సు ఒడ్డున ఇళ్లుండవా? ఇళ్లుంటే ఉత్తరాలుండవా? ఈయన వెంట పోతే చాలు, పద."

ఎర్రటోపీ ఆగితే వీళ్లు ఆగారు. కదిలితే కదిలారు. పనిలో ఉన్నవాడి వీపు మీద పడకూడదని పోస్ట్‌మాన్ గారు పది బారల దూరం పాటించారు. ఎర్రటోపీ నాలుగుసార్లు వెనక్కి చూశాడు. నాలుగుసార్లూ ఈయన చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వుతోనే పని చెడింది. ఎర్రటోపీ వేగం పెంచాడు. టపా ఆలస్యమైనట్టుంది పాపం అని ఈయనా పెంచాడు. అతను ఒక సందులో దూరి, ఒక్క ఇంటి దగ్గరా ఆగకుండా అటువైపు తేలాడు. ఆ సందుకు ఇవాళ ఉత్తరాల్లేవని ఈయన భార్యకు వివరించాడు. మొక్కలకు నీళ్లు పోస్తున్న ముసలావిడతో అతనేదో గొణిగాడు. ఆవిడ గబగబా ఫోను దగ్గరికి పోయింది. రొట్టెల కొట్టాయన పిండి చేతులతోనే సైకిలెక్కాడు. మరో ముగ్గురు తోడయ్యారు.

"ఏమండీ, మన వెనక నలుగురు వస్తున్నారు."

"చూశావా, దారి తప్పలేదు. వాళ్లూ సరస్సుకే."

ఎర్రటోపీ పోలీసు స్టేషను ముందు సైకిలు పడేసి లోపలికి పరుగెత్తాడు. ఆ తొందరలో సంచి జారి ఉత్తరాలు మెట్ల నిండా చెదిరాయి. పోలీసు అమ్మాయి బయటికొచ్చి గట్టిగా ఏదో అడిగింది. వెనకొచ్చిన నలుగురూ చుట్టూ నిలబడ్డారు. లోపల గోడ గడియారం పదకొండుంబావు చూపిస్తోంది. బస్సూ పోతుంది, సరస్సూ పోతుంది అనుకుంది నర్సమ్మ.

పోస్ట్‌మాన్ గారికి ఇవేవీ పట్టలేదు. నేల మీద పడ్డ ఉత్తరాన్ని ఆయన చూస్తూ ఊరుకోలేడు. మెట్ల మీద కూలబడి ఏరడం మొదలుపెట్టాడు. వీధి పేర్లు చదవడం రాకపోయినా వాటి ఆకారాలు పోల్చి వేరుచేశాడు. అంకెలు ఎక్కడైనా అంకెలే. బేసి ఇళ్లు ఒకపక్క, సరి ఇళ్లు ఒకపక్క పేర్చి, కట్టను మోకాలి మీద తట్టి అంచులు సమం చేశాడు. అడుగుతున్న పోలీసు అమ్మాయి మధ్యలో ఆగిపోయింది. తలుపు చాటునుంచి ఎర్రటోపీ మెల్లగా వచ్చి కట్టను చూశాడు, ఆ తట్టడం చూశాడు. టోపీ తీసి ఆయన్ను కావలించుకున్నాడు.

తరువాత గడియారం చూపించి, సరి ఇళ్ల కట్ట మొత్తం ఆయన చేతుల్లో పెట్టాడు. ఆలస్యం చేసినవాడే సాయం పట్టాలి, న్యాయమే.

నర్సమ్మ సరస్సు సంగతి గుర్తుచేసింది.

"ఈ వరసొక్కటీ అయిపోగానే," అన్నాడాయన.

ఆ మాటకు అర్థం ఆవిడకు ఇరవై ఎనిమిదేళ్లుగా తెలుసు. కాగితం విప్పి పోలీసు అమ్మాయికి బొమ్మ చూపించింది. ఆ అమ్మాయి నవ్వి, చెయ్యి పట్టుకుని స్టేషను వెనక తలుపు తీసింది. నాలుగడుగుల్లో నీళ్లు. రొట్టెల కొట్టాయన వేడి రొట్టె తెచ్చిచ్చాడు. నర్సమ్మ పన్నెండున్నర దాకా కాళ్లు నీళ్లలోంచి తీయలేదు.

డ్రైవరు బండి కదిలిస్తుండగా పోస్ట్‌మాన్ గారు చెమటలు కక్కుకుంటూ వచ్చి ఎక్కారు. సరస్సు ఎలా ఉందని అందరూ అడిగారు. నీళ్లు చల్లగా ఉన్నాయని నర్సమ్మ చెప్పి, భర్త వైపు చూసింది.

ఆయన చెమట తుడుచుకుంటూ, నలభై రెండో నంబరు ఇంటి గేటు లోపలికి తెరుచుకుంటుందని, కుక్క మాత్రం బయటికే వస్తుందని చెప్పాడు.