ఫ్రీజరు ప్లగ్గు

వైద్య పరిశోధనలో వరంగల్ ప్రపంచాన్నే వెనక్కి నెట్టబోతోందని మంత్రిగారు ప్రకటించారు. ప్రపంచం ఇంకా స్పందించలేదు. పరిశోధన కేంద్రం డైరెక్టర్ కిషన్ రావు మాత్రం వెంటనే స్పందించి కొత్త విభాగం ప్రారంభోత్సవానికి రిబ్బను, రెండు వందల కుర్చీలు, ఎనిమిది స్పీకర్లు తెప్పించారు.

ఆ కేంద్రంలో పరిశోధన చేసే చెడ్డ అలవాటు ఒక్క డాక్టర్ నవనీతకే ఉంది. ఎండీ పాసై, క్లినిక్ పెట్టుకుని సుఖపడక, మరమగ్గాల నూలు దుమ్ము ఊపిరితిత్తుల్ని ఏం చేస్తుందో తేల్చడానికి మూడేళ్లుగా కార్మికుల రక్తం సేకరిస్తోంది. మొదటి సీసా మరమగ్గం నడిపే తండ్రి పండరిది. నాలుగు వందల సీసాలూ ఒకే ఫ్రీజర్లో, మైనస్ ఎనభై డిగ్రీల్లో ఉన్నాయి. కరిగితే మూడేళ్లూ నీళ్లపాలే.

ముందురోజంతా కొత్తవాడ మగ్గాల మధ్య తిరిగిన నవనీత, సభ రోజు పొద్దున ల్యాబుకొచ్చేసరికి ఫ్రీజరు కింద మడుగు. దాని ప్లగ్గు ఉండాల్సిన చోట మైకు వైరుంది.

"సార్, ఈ ప్లగ్గు ఎవరు పీకిండ్రు?" అని కిషన్ రావును అడిగింది.

"నేనే పీకిచ్చిన డాక్టరమ్మా. నిన్న పొద్దుగాల్నుంచి మైక్ టెస్టింగ్ నడుస్తాంది."

"సీసాలన్నీ కరిగిపోయినయ్ సార్!"

"జర ఫికర్ చెయ్యకు. మళ్ల ప్లగ్గు పెడితే గడ్డ కడ్తయ్ గద!"

ఆయన కూడా డాక్టరే.

"మరి నా రిజల్ట్ ఏమని రాయాలె సార్?"

"మేమే రాసినం. మంత్రిగారి స్పీచ్‌ల ఉన్నది."

నవనీతకు ఏడుపు తన్నుకొచ్చింది. కళ్లు తుడుచుకునే వీల్లేకుండా ఎవరో రెండు చేతుల్లో బొకే పెట్టి వేదిక ఎక్కించారు.

"మన డాక్టరమ్మ నాలుగు వందల సీసాలు జమ చేసింది. ఒక్కదాంట్ల గూడ రోగం దొరకలే!" అన్నారు మంత్రిగారు. చప్పట్లు మోగాయి. ఆ మాటలో అబద్ధమేమీ లేదు.

వరంగల్ నేతన్నల ఆరోగ్యానికి సాక్ష్యంగా పండరిని పిలిచి శాలువా కప్పారు.

"చెప్పు పెద్దాయనా, పానం ఎట్లున్నది?"

పండరి నోరు తెరిచాడు. దగ్గు అందుకుంది. ఎనిమిది స్పీకర్లూ దగ్గాయి. శాలువా నోటికి అడ్డం పెట్టుకుని మోకాళ్ల మీద వంగిపోయాడు.

"బాపూ!" నవనీత బొకే పారేసి తండ్రిని పట్టుకుంది. కిషన్ రావు ఉరికి మైకు ప్లగ్గు పీకేశారు.

మర్నాడు పేపర్లో తండ్రీకూతుళ్ల ఫోటో వచ్చింది. కింద ఇలా ఉంది: "సన్మాన వేళ ఆనందంతో మాట పెగలని నేతన్న."