పదకొండేళ్ళ మార్కులు

టిఫిను కాకముందే కంప్యూటర్ని కడిగి పారేయాలని సంజీవరావు మాస్టారు ఆ శనివారం పొద్దున నిశ్చయించుకున్నారు. పాలెం పిల్లలు నేర్చుకుంటారని దాన్ని చర్చికి ఇచ్చేస్తున్నారు. పది గంటలకు ఆటో వస్తుంది. అందులో బ్యాంకు కాగితాలు, ఆధార్ నకళ్ళు, బీపీ రిపోర్టులు ఉన్నాయి. అవి ఎవరి కంటబడినా ఆయనకు దిగుల్లేదు. దిగులల్లా 'ప్రసంగాలు' అనే ఒక్క ఫైలు గురించే.

హెడ్మాస్టరుగా రిటైరయ్యారు గాని ఆయన చెయ్యి రిటైరవలేదు. పాస్టరు బెన్హర్ గారి ప్రతి ఆదివారపు ప్రసంగానికీ పదికి ఇన్నని మార్కులు వేసి, పక్కనే కారణం రాస్తూ వచ్చారు. పదకొండేళ్ళ పని అది. ఈ వయసులో మాస్టారికి దొరికిన ఏకైక స్నేహితుడు కూడా ఆ బెన్హరే. రోజూ సాయంత్రం ఇద్దరూ కలిసి టీ తాగుతారు. ఆ ఫైలు ఆయన చూస్తే ఆ టీ అంతటితో సరి.

మాస్టారు అన్నీ చెరిపారు. చెత్తబుట్ట కూడా ఖాళీ చేశారు. కాని మార్కుల రిజిస్టరును నాశనం చేయడం ముప్ఫై ఆరేళ్ళ సర్వీసులో ఎన్నడూ ఎరగని పాపం. అందుకని ఆ ఒక్క ఫైలునూ చెరిపే ముందు బల్ల మీద కనబడిన పెన్ డ్రైవ్‌లోకి ఎక్కించి, నిశ్చింతగా స్నానానికి వెళ్ళారు.

తల తుడుచుకుంటూ వచ్చేసరికి కంప్యూటరూ లేదు, పెన్ డ్రైవూ లేదు.

"ఆటో పదికి ముందే బిరీన వచ్చింది. ఎక్కించి పంపించేసినా," అంది భార్య ఎలిశబెతు.

"బల్ల మీది పెన్ డ్రైవ్ యాడ?"

"అది కొయిరు పాటలదండీ. చర్చిలో పాడే షారన్ మొన్న ఇక్కడ మరిచిపోయింది. దాన్నీ పంపినా. ఏముందందులో?"

"నా పరువుంది!"

దారి పొడవునా ఎండుచేపలు ఆరబోసి ఉన్నాయి. మాస్టారు స్కూటరును వంకరలు తిప్పి, అయినా గుప్పెడు నెత్తళ్ళను తొక్కించి, వాటి యజమానురాలి తిట్లు తిని చర్చికి చేరారు. అప్పటికే కంప్యూటర్ని పెద్ద టీవీకి తగిలించారు. షారన్ పెన్ డ్రైవ్ గుచ్చి పాట వెతుకుతోంది. తెర మీద పాటల పేర్ల మధ్య 'ప్రసంగాలు' కనిపిస్తూనే ఉంది.

"రాండి మాస్టారూ, మీకోసమే చూస్తా ఉండాం. ప్రతిష్ఠ ప్రార్థన మీరే చెయ్యాల," అన్నారు బెన్హర్.

అందరూ కళ్ళు మూసుకున్నారు. ఇది దేవుడు చూపిన దారే అనుకుని మాస్టారు మాత్రం తెరిచే ఉంచారు. కంప్యూటరు కోసం ప్రార్థిస్తూ ఒక అడుగు, పడవల కోసం ప్రార్థిస్తూ ఇంకో అడుగు వేశారు. పెన్ డ్రైవ్ పెట్టె వెనకాల ఉంది. వంగి చెయ్యి చాపేసరికి మోచెయ్యి కీబోర్డు మీద పడింది. ఫైలు తెర నిండా విచ్చుకుంది.

ఎలా మూయాలో తోచక మాస్టారు ప్రార్థన సాగదీశారు. ఇశ్రాయేలు రాజులంతా అయిపోయారు. చివరికి వెనక వరుసలో ఓపిక నశించిన ఒక పెద్దాయన "ఆమేన్!" అనేశాడు. అందరూ అందుకున్నారు. కళ్ళు తెరుచుకున్నాయి.

'తప్పిపోయిన గొర్రె. మూడు మార్కులు. గొర్రెతో పాటు పాస్టరు గారూ తప్పిపోయారు.'

ఎవరో కిసుక్కున నవ్వారు. బెన్హర్ నవ్వలేదు. మౌస్ అందుకుని ఒక్కొక్క ఏడాదే కిందికి జరుపుతూ చదివారు. మాస్టారు కాపీ కొట్టి దొరికిన పిల్లవాడిలా నిలబడ్డారు. ఒకచోట మౌస్ ఆగింది.

'పడవ మునిగి చనిపోయిన హెబ్రోను భూస్థాపన. పదికి పది. ఒక్క మాటా చెప్పలేదు. వాళ్ళమ్మ పక్కన ఇసుకలో కూర్చున్నారు.'

ముందు వరుసలో ఉన్న హెబ్రోను తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బెన్హర్ కళ్ళద్దాలు తీశారు.

"ఆ రోజు నోట మాట రాలేదని ఇన్నేళ్ళూ సిగ్గుపడతానే ఉండా మాస్టారూ. అసలు నేను చెప్పేది ఎవురన్నా వింటా ఉండారా అని కూడా అనుమానమే. మీరు విన్నారు."

మాస్టారు మౌస్ కోసం చెయ్యి చాపారు. "ఇప్పుడే చెరిపేస్తానయ్యా," అన్నారు.

"చెరిపితే నేనూరుకోను," అని బెన్హర్ పెన్ డ్రైవ్ పీకి జేబులో వేసుకున్నారు. పాటల సంగతేమిటని షారన్ అడిగినా వినిపించుకోలేదు. ఆ సాయంత్రం టీకి ఆయనే ముందు వచ్చారు.

మర్నాటి ప్రసంగం పదిహేను నిమిషాల్లో ముగిసింది. మాస్టారు తొమ్మిది వేశారు. మధ్యలో తనవైపు నాలుగుసార్లు చూసినందుకు ఒక మార్కు తగ్గించారు.